నాగవేణి స్కాన్‌లో ఎనిమిది నిమిషాలు

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. మా తాత ప్రొద్దుటూరులో మిషన్ బడి పంతులు. ఇంట్లో ఎవరైనా దయ్యం అన్నారంటే వీపు విమానం మోతే. అలా పెరిగి, సైకాలజీ చదివి, మెదడు స్కానింగుల దగ్గర ఉద్యోగం చేసినదాన్ని. ఇది విన్నాక "నీకూ నమ్మకాలున్నాయే" అని ఎవరైనా అంటే ఊరుకోను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

ఫ్యాక్షన్ గొడవలు జోరుగా ఉన్న రోజులవి. సెల్‌ఫోన్లు మా పల్లెలకు ఇంకా రాలేదు. నేను బెంగళూరులో ఒక పరిశోధనలో పనిచేసేదాన్ని. కుదురుగా ఉండలేని, చెప్పింది మనసు పెట్టి వినలేని పిల్లలను స్కాన్ మిషన్‌లో పడుకోబెట్టేవాళ్ళం. ఎనిమిది నిమిషాలు ఏమీ చేయకుండా, ఎదురుగా కనిపించే ప్లస్ గుర్తును చూస్తూ ఉండాలి. మనం ఊరికే ఉన్నా మెదడులో కొన్ని భాగాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తూనే ఉంటాయి. ఆ కలయిక ఈ పిల్లల్లో ఎక్కడ తేడా కొడుతోందో చూడడం మా పని. తల కొంచెం కదిలినా ఆ స్కాన్ చెత్తబుట్టకే. కుదురులేని పిల్లలను కదలకుండా పడుకోమనడం ఎవరి తెలివో గానీ, తిట్లన్నీ నాకే!

మా జిల్లా పిల్లలను తెచ్చే పని కూడా నాకే అంటగట్టారు. అలా వచ్చింది నాగవేణి. పదకొండేళ్ళు. జమ్మలమడుగు దగ్గర పల్లె. వాళ్ళ నాయన ఊళ్ళో ఒక వర్గానికి పెద్ద. ఎలక్షన్‌కొక పార్టీ మారాడు గానీ పగ మాత్రం మారలేదు. ఊళ్ళో ఉంటే ప్రమాదమని పిల్లను పులివెందులలో హాస్టల్లో పెట్టారు. అక్కడ పాఠం వినదు, మాటిమాటికీ లేచి నిలబడుతుంది. అది పొగరని, టీసీ ఇచ్చి పంపిస్తానని హెడ్‌మిస్ట్రెస్ అంది. పొగరు కాదు, జబ్బు అని డాక్టరు రాసిచ్చిన కాగితం వాళ్ళమ్మకు కావాలి. లేకపోతే పిల్ల మళ్ళీ ఆ పల్లెకే పోవాలి. స్కాన్ పూర్తయితేనే రాసిస్తానని మా డాక్టరు పట్టుబట్టాడు.

మూడుసార్లు మిషన్ బుక్ చేయించాను. మూడుసార్లూ రాలేదు. ఆ ఇళ్ళలో ఎప్పుడు బయలుదేరేదీ ఎవరికీ చెప్పరు. మంగళవారం అన్నారంటే శుక్రవారం వస్తారు. వాళ్ళ నాయనైతే ఏ దారిన పోయేదీ డ్రైవరుకు కూడా ఊరు దాటాకే చెప్తాడట. ప్రాణభయం, నాకూ తెలుసు. కానీ మా డాక్టరు నలుగురిలో కడిగేసేది నన్ను కదా!

చివరికి ఒకరోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా తల్లీ కూతురూ ఊడిపడ్డారు. కాళ్ళావేళ్ళా పడి అరగంట సంపాదించాను. మొదటిసారి రెండో నిమిషంలోనే తల తిప్పేసింది. రెండోసారి మొదలుపెట్టామో లేదో, చేతికిచ్చిన రబ్బరు బంతి నొక్కింది. ఇబ్బందిగా ఉంటే నొక్కమని ఇచ్చే బంతి అది. మిషన్ ఆపి మైకులో అడిగాను.

"ఏందే, మళ్లా ఏమైంది?"

"నాయన పిలుస్తాండాడక్కా."

"మీ నాయన ఈడ యాడుండాడే?"

"చిలమకూరు దావన పోతాండాడు. ఆ దావ వద్దని చెప్పక్కా. అమ్మకు చెప్పు."

చెవుల్లో దూది, దానిమీద హెడ్‌ఫోన్లు, చుట్టూ మిషన్ దడదడ. మేం మైకులో మాట్లాడితే తప్ప లోపల ఏమీ వినబడదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెప్తాలే. నువ్వు కదలాకుండా పండుకో. ఈసారి కదిలితే కాగితం రాదు" అన్నాను.

చెప్పలేదు. తల్లి తలుపు అవతల బెంచీ మీదే కూర్చుని ఉంది. లేచి పోలేదు నేను. బంతి నొక్కిన టైము మాత్రం రూలు ప్రకారం షీటులో రాసుకున్నాను. రెండూ నలభై.

ఆ తర్వాత ఎనిమిది నిమిషాలూ ఆ పిల్ల కదల్లేదు. పెద్దవాళ్ళు కూడా అంత కదలకుండా ఉండరు. నిద్రపోయిందేమోనని మిషన్ నడిపే ఆయనకు అనుమానం వచ్చింది. బయటికి తీసి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. చెవుల పక్కన పెట్టిన స్పాంజి రెండువైపులా తడిసిపోయింది.

సాయంత్రానికి కబురొచ్చింది. కడప కోర్టులో వాయిదా చూసుకుని తిరిగి వస్తూ వాళ్ళ నాయన చిలమకూరు దారి పట్టాడట. బాంబులేశారు. ఆయన అక్కడికక్కడే పోయాడు. పోలీసు కాగితాల్లో టైము సుమారు రెండూ ముక్కాలు.

నేను వదిలిపెట్టలేదు. బతికిన డ్రైవరును కూడా కలిసి అడిగాను. చెన్నూరు మీదుగా పోదామనుకున్న ఆయన, కడప దాటాక మనసు మార్చుకుని చిలమకూరు దారి పట్టమన్నాడట. ఏడాదిగా ఆ దారి తొక్కలేదట. వాయిదా సంగతి పిల్లకు తెలిసుండవచ్చు. దారి సంగతి ఆయనకే అప్పటిదాకా తెలియదు. స్కాన్‌లో వినికిడి భాగం బాగానే పనిచేసింది, కానీ మిషన్ మోతకు ఎవరికైనా అంతే, అది సాక్ష్యం కాదు. కాకతాళీయం అనుకుందామా అంటే, ఊరి పేరుతో సహా ఎలా చెప్పింది? ఆ టైములో ఫోన్ చేసినా జీపులో పోయే మనిషికి అందేది కాదని నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. ఏం లాభం? మా డాక్టరుకైతే మహా సంతోషం. ఇంత శుభ్రమైన స్కాన్ ఇంకొకటి రాలేదని మెచ్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మూడు నెలల తర్వాత తల్లీ కూతురూ మళ్ళీ వచ్చారు. కాగితం చేతికిస్తే ఆమె తీసుకోలేదు. ఇప్పుడు పిల్ల కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోందట, హెడ్‌మిస్ట్రెస్ శానా మెచ్చుకుంటోందట.

"ఒక్కటి అడగాలని వచ్చినా మేడమ్. ఆ పొద్దు లోపల పాప ఏమన్నా అనిందా? నేనడిగితే నోరు ఇప్పడంల్యా."

"ఏమీ అనలేదక్కా" అన్నాను.

నాగవేణి నా ముఖంలోకి చూసింది. తర్వాత వాళ్ళమ్మ కొంగు పట్టుకుని, "అవు మా, నేనేమీ అన్ల్యా" అంది.

ఆ దారి పేరు ఆ పిల్లకు ఎవరు చెప్పారో ఈ రోజుకీ నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.