తాళం ఉన్న టీవీ

మేము కిరాయికున్న ఇంటామె మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్పేవాళ్లు చెప్పుకోనీ, నాకు మాత్రం ఆవిడ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివర మాట. మా ఆయన సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చి బోరబండలో ఇల్లు తీసుకున్నాం. వెనకవైపు రెండు గదులు మావి, ముందు భాగమంతా ఇంటామెది. ఆవిడ కొడుకు రాళ్ల కాంట్రాక్టరు. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన వైపంతా అప్పుడు బండలే కదా, వాళ్లకు డబ్బుకేం కొదవ. హైదరాబాదులో టీవీ మొదలైన కొత్తలోనే వాళ్లింట్లోకి ఒకటి వచ్చింది.

ఆ రోజుల్లో వీధిలో ఎవరింట్లో టీవీ ఉంటే వాళ్లు సినిమా వేసే రోజున తలుపులు తీసి పెట్టాలి, చుట్టుపక్కలవాళ్లు వచ్చి కూర్చోవాలి. ఎవరూ పెట్టని పద్ధతి అది. ఇంటామె కూడా తలుపు తీసేది. పెద్దవాళ్లకు లోపల చాప వేసేది. కిరాయికున్నవాళ్ల పిల్లలు మాత్రం కాళ్లు కడుక్కుని వచ్చి గడప అవతల వసారాలోనే కూర్చోవాలి. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. వసారాలో ముందు వరసలో, గడపకు మోకాళ్లు ఆనించి కూర్చునేది.

మా అమ్మాయి నవ్వు గురించి చెప్పాలి. అది మా అత్తగారి నుంచి వచ్చిన నవ్వు. ముందు ఎక్కిళ్లు వచ్చినట్టు రెండు సార్లు ఆగి, తర్వాత కట్ట తెగినట్టు వచ్చేది. పక్కవాళ్లకు ఎందుకో తెలియకపోయినా నవ్వొచ్చేది. ఆ రోజు సినిమాలో హాస్యగాడు బురదలో జారి పడ్డాడు. పిల్ల నవ్వింది. వాడు లేచి మళ్లీ పడ్డాడు. పిల్ల ఇంకా గట్టిగా నవ్వింది.

ఇంటామె కుర్చీలోంచి తల తిప్పింది. "ఏందే గా నవ్వుడు? చెవులు పగులుతున్నయ్. నవ్వుకునేటట్లుంటే మీ ఇంట్ల టీవీ కొనుక్కోని నవ్వుకో. ఇగ పో."

నేను లోపల చాప మీద ఉన్నాను. పిల్ల లేచి, గౌను దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. నేనూ లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మా ఆయన "పోనీలే, పెద్దావిడ" అన్నాడు. ఆయనకు ఆ ఒక్క మాటే వచ్చు. నేను ఆ వారమే చీటీ పాడాను. చీటీ డబ్బుకు ఆయన బోనసు కలిపితే ఒక చిన్న టీవీకి సరిపోతుంది.

కోఠీలో దుకాణదారు మా వాలకం చూసే మా తాహతు పసిగట్టాడు. లోపలి పెద్ద సెట్ల వైపు తీసుకుపోకుండా గుమ్మం దగ్గరున్న రెండింటి ముందు నిలబెట్టాడు. రెండూ నలుపు తెలుపువే, ఒకటే సైజు. ఒకదానికి చెక్క తలుపుల్లేవు గానీ, అదే ధరలో స్టెబిలైజరు ఇస్తాడట. రెండోదానికి ముందు జరిపే చెక్క తలుపులు, మధ్యలో తాళం, ఇత్తడి తాళంచెవి. స్టెబిలైజరు లేదు.

"మీ దిక్కు కరెంటు మంచిగుండదు మేడమ్. జర నా మాట ఇని స్టెబిలైజరుది తీస్కోండ్రి, ఫికరుండదు" అన్నాడు దుకాణదారు.

మా ఆయన కూడా అదే అన్నాడు. నేను తాళం వేసి, తీసి, మళ్లీ వేసి చూశాను. ఇంటామె సెట్టుకు తాళం లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ సెట్టు పాడవుతుంది, అప్పుడు మా గుమ్మంలోకి వస్తుంది, అప్పుడు ఆవిడ కళ్ల ముందే తలుపులు జరిపి తాళం వేస్తాను. గంటసేపు దుకాణంలో నిలబడి నేను కొన్నది ఆ ఒక్క క్షణం. దాపరికం ఎందుకు, ఆ తాళంచెవి చేతిలో పడినప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది.

రెండు రోజుల తర్వాత దుకాణం నుంచి మెకానిక్కు సెట్టూ, బొమ్మను అందుకునే ఏరియలూ, దాన్ని నిలబెట్టే పొడుగాటి ఇనప గొట్టమూ పట్టుకొచ్చాడు. సెట్టు బల్ల మీద పెట్టాడు. చేతులు దులుపుకుని, "మిద్దె మీదికి నిచ్చెన ఎక్కడున్నదమ్మా?" అన్నాడు.

డాబా ఇంటామెది. తాళం గురించి అంత ఆలోచించినదాన్ని, ఏరియలు ఎవరి నెత్తిన నిలబెట్టాలో ఆలోచించలేదు.

అడగడానికి మా ఆయన్ను పంపితే లాభం లేదని నేనే వెళ్లాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుకుంటోంది. తల ఎత్తలేదు.

"మీకు కిరాయికిచ్చింది రెండర్రలు. మిద్దె ఇచ్చిన్నా?"

"ఒక్క గొట్టం నిలబెడితే మీ డాబా ఏమన్నా అరిగిపోతుందాండీ?"

"అరుగుతదో పెరుగుతదో నా ఇష్టం. నీకు టీవీ కొననీకి పైసలున్నయి గదా, ఇల్లు గూడ కొనుక్కో."

నేను ఇంకో మాట అంటే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది. వచ్చేశాను. మెకానిక్కు పెరట్లో గోడకానించి ఏరియలు కట్టి చూశాడు. తెర మీద బొమ్మ లేదు, తాలింపులో ఆవాలు ఎగిరినట్టు చుక్కలు. గొట్టం మా గోడ వారగా పడేసి అతను వెళ్లిపోయాడు. నేను చెక్క తలుపులు జరిపి, తాళం వేసి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పాను. అప్పట్లో టీవీ ఉన్నవాళ్లు ఏటా కట్టాల్సిన లైసెన్సు డబ్బు కూడా పోస్టాఫీసులో కట్టేశాం. పది రోజులు ఆ పెట్టె అలాగే ఉంది. మా అమ్మాయి బడి నుంచి వచ్చి దాని ముందు కూర్చుని హోంవర్కు చేసుకునేది. నేను మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగితే ఒట్టు అనుకున్నాను.

పదకొండో రోజు పొద్దున నేను బట్టలుతుకుతుంటే ఇంటామె వచ్చి నిలబడింది. "మీ పిల్ల వచ్చి అడిగింది. పెట్టుకోండ్రి. మిద్దె మీద నా మిరపకాయలుంటయి, తొక్కొద్దని చెప్పు."

"ఏమని అడిగావే?" అన్నాను పిల్లను.

"ఊరికే అడిగానమ్మా" అంది.

నాకు ఎంత గర్వమో. పసిదాని ముందు ఆ రాయి కూడా కరిగింది, ఇక ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది అనుకున్నాను. నా కళ్లు నెత్తికెక్కాయి. మెకానిక్కు మళ్లీ వచ్చి ఏరియలు బిగించి ఊరి వైపు తిప్పాడు. బొమ్మ వచ్చింది. సాయంత్రం కరెంటు తగ్గితే నాలుగు వైపులా ముడుచుకుపోయేది. దుకాణదారు చెప్పినట్టే అయిందని మా ఆయన అనలేదు, చూపుతో అన్నాడు.

ఆ వారం సినిమా రోజున వంట పెందలాడే ముగించాను. పిల్లను గడప దగ్గర కాదు, గది మధ్యలో ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాను. తాళం తీసి తలుపులు జరిపాను. మా గది గోడకు అవతల ఇంటామె గది. మా పిల్ల నవ్వు ఆ గోడలోంచి దూరి ఆవిడకు తగలాలి. నేను కాచుకుని కూర్చుంది దానికే.

సినిమాలో ఎవరో లావుపాటాయన నిచ్చెన మీంచి సున్నం బకెట్లో పడ్డాడు. మా ఆయన నవ్వాడు. పిల్ల నవ్వలేదు. చూస్తే గౌను అంచు గుప్పెడు నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు ఊగుతున్నాయి, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. దగ్గేమో అనుకుని వీపు రాశాను. బట్ట లాగేశాను.

"ఏమైందే? నవ్వొస్తే నవ్వు. మనిల్లే."

తల అడ్డంగా ఊపింది. గుసగుసగా చెప్పింది. "నవ్వనని మామ్మగారికి చెప్పానమ్మా. మా ఇంట్లో కూడా నవ్వను, ఏరియలు పెట్టుకోనివ్వండి అన్నాను. అందుకే ఒప్పుకుంది."

ముసల్ది సరేనందట. ఎనిమిదేళ్ల పిల్ల అలా అంటే, నవ్వితే ఏమవుతుందిలే అనకుండా, సరే అందట!

నేను గోడ వైపు తిరిగి నవ్వాను. సినిమాలో అప్పుడు ఎవరో ఏడుస్తున్నారు. అయినా గొంతు చించుకుని, కడుపు పట్టుకుని నవ్వాను. మా ఆయన భయపడి లేచి నిలబడ్డాడు. పిల్ల కుర్చీలోంచి దూకి వచ్చి రెండు చేతులతో నా నోరు మూసేసింది.

"అమ్మా, మెల్లగా! వింటారు, ఏరియలు పీకేస్తారు."

దాని చేతులు చల్లగా ఉన్నాయి. నేను నవ్వడం ఆపేశాను.