ఎర్ర గుడ్డల కారు

మా ఇంట్లో తయారైన కారులో నేను పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లాను. దారిలో ఒక ఆర్డినరీ బస్సును దాటాను. గోదావరి వంతెన మీద ఎదురుగాలి కొట్టినా మా బండి వేగం తగ్గలేదు. అవతలి ఒడ్డున టీ కొట్టు దగ్గర ఆపితే జనం మూగి, ఇది ఏ కంపెనీ బండి అని అడిగారు. మాదే అన్నాను.

ఈ కథ నేను చాలా పెళ్లిళ్లలో చెప్పాను. మనుషులు కాస్త తేరుకున్నాక చావు ఇళ్లలో కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బస్సు కొంచెం పెద్దదవుతూ వచ్చి, ఈ మధ్య లగ్జరీ బస్సయింది. రాసేటప్పుడు మాత్రం చెయ్యి జంకుతుంది. నోటి మాటనైతే నేననలేదని తప్పించుకోవచ్చు, కాగితం మీద పడితే ఎటు పోతాం? అందుకే ముందే ఒప్పుకుంటున్నా. ఆ కారు భద్రాచలం చూడలేదు. గోదావరి సంగతి దేవుడెరుగు, కిన్నెరసాని కూడా దాటలేదు. అది వెళ్లిందల్లా మా కంపెనీ క్వార్టర్ నుంచి, కాలనీ వెనక ఎత్తు మీదున్న చర్చి దాకా. కోడి కూత వినపడే దూరం. కానీ ఆ దూరం వెళ్లడానికి మా ఇంట్లో జరిగినదాని ముందు భద్రాచలం ప్రయాణం ఏపాటి?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలవి. నేను థర్మల్ స్టేషన్‌లో ఫిట్టర్‌ని. ఇంట్లో నా భార్య, మాకున్న ఒక్క కూతురు, మోకాళ్లు అరిగిపోయిన మా అత్తగారు. కూతురు పదో తరగతి. బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో దేనికోసమో వెతుకుతూ ఒక బొమ్మ చూసి, దాన్ని ప్రింటు తీయించి తెచ్చింది. ఏదో చలి దేశంలో ఒక తండ్రీ కొడుకూ కారు విప్పదీసుకుని కూర్చున్నారు. విప్పదీసింది కాదట, ఇంకా బిగించనిదట. అక్కడ కారు ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో ఇంటికొస్తుంది, మనమే కలుపుకోవాలి, దాన్ని కిట్ కారు అంటారు అని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. మనమూ చేద్దాం అంది.

మనకు పెట్టెలెవరు పంపుతారు? మా పెట్టె పాత ఇనుప సామాన్ల కొట్టు. పినపాకలో మా బావమరిది దగ్గర మూలన పడ్డ డీజిల్ ఆటో ఒకటి ఉండేది. దాని ఇంజనూ, వెనక చక్రాలూ అక్కణ్నుంచి వచ్చాయి. ముందు చక్రాలూ స్టీరింగూ పక్క అద్దమూ ఒక తుక్కు కారువి. సీటు, బస్సులో ఇద్దరు కూర్చునేది. కింద చట్రం ఇనుప యాంగిళ్లతో మేమే వెల్డింగ్ చేశాం. ఇక్కడ 'మేమే' అని ఎందుకన్నానో చెప్పాలి. మొదట్లో ఈ కారు నేను చేశానని చెప్పుకునేవాణ్ని. తర్వాత ఇద్దరం కలిసి చేశామన్నాను. అసలైతే కొలతలు మా అమ్మాయివి, బొమ్మ గీసింది తను, ముందు చక్రాలు ఒకదానికొకటి వంకరగా ఉన్నాయని దారం కట్టి పట్టుకుంది తను. నేను వెల్డింగ్ చేశాను. రెండు చోట్ల అది కూడా గ్రైండర్‌తో కోసేసి మళ్లీ చేయమంది. ప్లాంటులో నా వెల్డింగ్‌ను మా ఫోర్‌మన్ కూడా కోయించలేదు. లోపల నాకు కోపమూ వచ్చింది, ఇది మన పిల్లేనా అని ముచ్చటా వేసింది. కోపాన్ని మాత్రమే బయటపెట్టాను.

నావి షిఫ్ట్ డ్యూటీలు. నేను ఇంట్లో ఉంటే తను బడిలో, తను ఇంట్లో ఉంటే నేను ప్లాంటులో. ఒక్క బండి మీద ఇద్దరం వేర్వేరు వేళల్లో పని చేయాలంటే ఎవరెక్కడ ఆపారో ఇంకొకరికి తెలియాలి. అందుకు మా ప్లాంటు పద్ధతే ఇంటికి తెచ్చాను. మా మెయింటెనెన్స్‌లో ఒక రివాజు ఉండేది. షిఫ్ట్ దిగేటప్పటికి ఏ బోల్టు పూర్తిగా బిగియకుండా ఉంటే దాని మీద ఎర్ర గుడ్డ పేలిక కట్టి వెళ్తాం. తర్వాత వచ్చినవాడు గుడ్డ చూసి, బిగించి, అప్పుడే దాన్ని విప్పుతాడు. బిగించిన చెయ్యే గుడ్డ విప్పాలి, ఇంకెవరూ ముట్టకూడదు. మా అత్తగారి పాత ఎర్ర చీర ఒకటి ఆ పనికి చిరిగింది. నాకంటే మా అమ్మాయే ఆ నియమాన్ని గట్టిగా పట్టుకుంది. ఒకసారి చేతులు ఖాళీ లేక పళ్లతో గుడ్డ లాగితే, బోల్టు బిగించావా అని అడిగి, నేను తలూపినా నమ్మక పానా వేసి చూసుకుంది.

పదో తరగతి అయ్యాక గొడవ మొదలైంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేరతానంది పిల్ల. నా భార్య ఇంటర్లో బైపీసీ తీసుకుని నర్సింగ్‌కు పొమ్మంది. వాళ్ల అక్క పిల్లలు మిషన్ దవాఖానాలో నర్సులు, తెల్ల బట్టల్లో చక్కగా వెళ్లి చక్కగా వస్తారు. అందరూ అనుకున్నట్టు ఆడపిల్లకు గ్రీసేంటని కాదు ఆమె బాధ. నా ఎడమ చేతి చూపుడు వేలు పై కణుపు లేదు. ప్లాంటులో తిరుగుతున్న పంపు కప్లింగులో పడి పోయింది. ఆ రోజు గుడ్డలో చుట్టిన నా చెయ్యి పట్టుకుని దవాఖానాకు వచ్చింది ఆమే. అందుకని నేను పిల్ల వైపు మాట్లాడబోయినప్పుడల్లా నా వేలి వైపు చూసేది. నేను ఆ చెయ్యి వెనక్కి పెట్టుకునేవాణ్ని.

చివరికి ఒక సాయంత్రం, బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా పిల్లకు తీర్పు చెప్పింది.

"నీ చెయ్యి నమ్మొచ్చో లేదో చూస్త. ఆదివారం మా అమ్మను ఆ బండ్ల ఎక్కించుకోని చర్చికి తీస్కపో. ఎవ్వరు తొయ్యొద్దు. గట్ల పోతె మెకానికల్ల చేరు. పోకుంటె బైపీసీ."

"సరె," అంది పిల్ల. మా అత్తగారిని ఎవరూ అడగలేదు.

శనివారం పొద్దున స్టీరింగ్ కింద పెద్ద నట్టు మారుస్తుండగా నాకు డ్యూటీ బస్సు టైమైంది. వేళ్లతో తిప్పి వదిలేసి, ఎర్ర గుడ్డ కట్టి పరుగెత్తాను. ఇంకా ఒకటి రెండు చోట్ల కూడా గుడ్డలున్నాయి. మధ్యాహ్నం నా భార్య బండి చుట్టూ తిరిగి చూసింది. మర్నాడు తల్లి తెల్ల చీరలో ఎక్కుతుంది, బండేమో మసి. పందెం పెట్టిందే గానీ తల్లి చీర పాడు కావద్దు గదా. సబ్బు నీళ్లతో రేకులు తుడిచింది. గుడ్డల రివాజు ఆమెకు మేం చెప్పనేలేదు, జిడ్డు కారుతున్న పేలికలు కనపడితే విప్పి, శుభ్రంగా ఉతికి ఆరేసింది. సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్ నుంచి పిల్ల వచ్చి చూస్తే బండి తళతళలాడుతోంది, ఎక్కడా గుడ్డ లేదు. డాడీ బిగించి పోయాడనుకుంది. నేను డ్యూటీ దిగి చూస్తే గుడ్డ లేదు. పిల్ల బిగించిందనుకున్నాను. ఇద్దరం హాయిగా అన్నం తిన్నాం.

ఆదివారం మా అత్తగారు పాటల పుస్తకం, గొడుగు పట్టుకుని సీట్లో కూర్చుంది. చర్చి గంట మొదలైంది. నేను తాడు చుట్టి ఇంజన్ లాగాను. ఒక్క లాగుడుకే అందుకుంది అని రాయాలని ఉంది. చాలా లాగుళ్లు పట్టాయి. సింగిల్ సిలిండర్ ఇంజన్ కావడంతో బండంతా ఊగుతోంది, మా అత్తగారి గొడుగు కూడా ఊగుతోంది. ఇంక కదలాలి. అప్పుడు పిల్ల స్టీరింగ్ వదిలేసి పెరట్లోకి చూస్తోంది. అటు తీగ మీద, చీరల మధ్యన, ఎర్ర పేలికలు వరసగా ఆరుతున్నాయి.

ఇంజన్ ఆపేసింది.

"డాడీ, ఆ గుడ్డలు విప్పింది నువ్వేనా?"

నా భార్య వాకిట్లోనే నిలబడి ఉంది. గంట మోగుతోంది. ఆ క్షణంలో నేను చేసింది నాకు అలవాటైన పనే. నేనే విప్పాను, అన్నీ బిగించాను, పోదాం పద అన్నాను. ఎప్పుడు బిగించావంది. నిన్న అన్నాను. నిన్న ఎప్పుడంది. ఈలోగా నా భార్య, గుడ్డలు ఉతికింది తనేనని, జిడ్డుగా ఉంటే విప్పానని చెప్పింది.

పిల్ల అమ్మమ్మను దిగమనలేదు, దింపితే మళ్లీ ఎక్కించడం పెద్ద పని. ఆదివారం బట్టలతోనే బండి కిందికి దూరింది. చర్చిలో మొదటి పాట వినపడుతోంది. మా అత్తగారు సీట్లోంచే గొంతు కలిపింది. కింద పానా చప్పుడు. మొదటి పాట అయిపోయింది, రెండోది ఎత్తుకున్నారు. ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా ఒక్క నట్టు వదలలేదు. స్టీరింగ్ కింద నట్టు మాత్రం పానా కూడా అక్కర్లేకుండా వేళ్లకే తిరిగింది. దాన్ని బిగించి బయటికి వచ్చేసరికి కొత్త చుడీదార్ వెనకంతా మట్టి. నాతో ఒకటే అంది: "బిగియ్యకుంటె బిగియ్యలే అని చెప్పు డాడీ. అమ్మమ్మ ఉంది బండ్ల."

ప్లాంటులో ఎంతమంది ఇంజనీర్లతో పని చేశానో. గంట మోగుతుండగా, పెద్దలు చూస్తుండగా, పందెంలో తన చదువే ఉండగా, ఆగి కిందికి దూరిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇందులో ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

నా భార్య ముందు నడిచి వెళ్లి చర్చి గేటు దగ్గర నిలబడింది. బండిలో సీట్లు రెండే, కాబట్టి నేను పానాల సంచీతో వెనక నడిచాను. కాలనీ లోపలి రోడ్డు మీద బాగానే పోయింది. చివరి ఎత్తు దగ్గర ఇంజన్ బరువుగా మూలగడం మొదలుపెట్టింది. అది కక్కిన పొగలో నాకు గేటు కనపడటం లేదంటే, గేటు దగ్గరి మనిషికి నేనూ కనపడను. అప్పుడు చేయి వేశాను. వెనక రేకు మీద చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి తోశాను. బండి ఎక్కింది.

గేటు దగ్గర నా భార్య తల్లిని దింపుకుంది. కూతురి వీపు మీది మట్టిని అరచేత్తో దులిపింది. దులుపుతూనే, "చేరు పో," అంది.

పిల్ల చేరింది. డిప్లొమా అయింది, ఉద్యోగమైంది. ఇప్పుడు టర్బైన్లు విప్పే చోట తన కింద పదిమంది పని చేస్తారు. నేను మాత్రం ఇన్నేళ్లూ ఆ తోపు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె చదువుకు ఆసరా నా దొంగ చెయ్యే అని గర్వమూ ఉండేది, పందెం తప్పామని కొంచెం సిగ్గూ ఉండేది. మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఈ కాగితాలు చదివి వినిపించాను. నేను తోసిన చోటు దాకా విని, అక్కడ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు తొయ్యలే డాడీ. ఎత్తు కాడ నీకు దమ్ము ఆడక బండి పట్టుకున్నవ్. నాకు అద్దంల కనపడ్డది. నిన్ను గూడ గుంజాలె గదా అని గేర్ దించిన."