ఇటుకల పక్కన నిలబడ్డ మనిషి

మా వాళ్ళలో నాకొక పేరుంది, ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని. చాలా ఏళ్ళు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఉద్యోగమూ దానికి తగ్గదే దొరికింది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కార్లకు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో నేను క్వాలిటీ చూసేదాన్ని. ఫలానా భాగంలో పగులు వచ్చిందంటూ ఎవరైనా ఫోటో పంపితే, ఆ పగులు పక్కన స్కేలు పెట్టి ఉండాలి. లేకపోతే కింద రాసింది చదవకుండానే తిప్పి పంపేదాన్ని. కొలత లేని ఫోటోలో గోరంతది కొండంతగా కనిపిస్తుంది, కొండంతది గోరంతగానూ కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం నేనే చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేది. రిటైరైన టీచరు. వయసులో ఉన్నప్పుడు భర్తతో కలిసి ఆఫ్రికాలో, మలావీలో, రెండేళ్ళు పాఠాలు చెప్పి వచ్చింది. ఆ ఊళ్ళ మీద మమకారం పోక, తెలిసినవాళ్ళు ఏడెనిమిది మందిని కూడగట్టి ఒక చిన్న సంస్థ పెట్టింది. నెలకోసారి చర్చి బేస్‌మెంటులో మీటింగు. నేను పులిహోర పట్టుకుని ఒకసారి చూద్దామని వెళ్ళి అలాగే ఉండిపోయాను. ఏడాదికి ఒక ఊరు, ఒక బడి. అంతకు మించి మా వల్ల అయ్యేది కాదు.

ఆవిడ పెట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. బడి మనం కట్టించి ఇవ్వకూడదు, ఊరూ మనమూ కలిసి కట్టాలి అనేది. ముందు ఊరివాళ్ళు మట్టి తవ్వి, తొక్కి, ఇటుకలు కోసి, ఎండబెట్టి, గుట్టగా పేర్చాలి. అది వాళ్ళ వంతు. పేర్చినట్టు ఫోటో రాగానే మా వంతు మొదలు. ఆ పచ్చి ఇటుకల్ని ఆవం పెట్టి కాల్చడానికి కట్టెల లారీ, తర్వాత సిమెంటు, పైకప్పుకు రేకులు. ఫోటోకీ కట్టెల లారీకీ మధ్య ఉండేది మీటింగులో మేం సరేనని చేతులెత్తడం ఒక్కటే.

ఆ ఏడు సెప్టెంబరు ఆఖర్లో ఒక ఊరి నుంచి ఫోటో వచ్చింది. పంపింది ఆ ఊరి మేష్టారు. అప్పటికి ఊళ్ళో ఇంటర్నెట్ లేదు. శనివారం శనివారం సైకిల్ మీద పట్నం వెళ్ళి, అక్కడ మెయిల్ చూసుకుని జవాబు రాసేవారు. పిల్లలు చెట్టు కింద చదువుకుంటున్నారనీ, వాన వస్తే బడి లేనట్టేననీ రాశారు. తమ ఊరి పెద్దకు వయసు మీద పడిందనీ, రేకుల కప్పు కింద పిల్లల్ని చూసి పోవాలని ఆయన కోరిక అనీ రాశారు. ఫోటోలో ఎర్రటి ఇటుకల గుట్ట, వెనక ఆకాశం. అంతే. మనిషి లేడు, మేక లేదు.

మీటింగులో అందరూ సరేనని చేతులెత్తారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేను ఎత్తలేదు. "ఈ గుట్ట మోకాలెత్తు ఉందా, ఇంటెత్తు ఉందా? ఎలా తెలుస్తుంది?" అన్నాను. మా ఊళ్ళో బడికి శంకుస్థాపన జరగడం నేను చిన్నప్పుడు చూశాను. దండలు, మైకు, పప్పుబెల్లాలు, అన్నీ. నాకు పెళ్ళయ్యేనాటికి కూడా అక్కడ ఆ రాయి తప్ప ఇంకేమీ లేదు. ఆ కథంతా చెప్పాను. పాపం వీళ్ళు అమాయకులు, లోకం చూసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. వాళ్ళూ అలాగే అనుకుని తలలూపారు. పెద్దావిడ మాత్రం కాస్త ఇబ్బందిగా నవ్వి, "సరే, నువ్వే రాయి" అంది.

రాశాను. గుట్ట పక్కన ఒక మనిషి నిలబడాలి, చేతిలో కొలత తెలిసిన కర్ర ఉండాలి, అడుగు అడుగుకీ గుర్తు ఉండాలి, అలా తీసిన ఫోటో వస్తేనే ముందుకు వెళ్తాం. మర్యాదగానే రాశాను. నా మర్యాద ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఇంట్లో ఈ మాట చెబితే మా ఆయన పడీ పడీ నవ్వారు. ఆయనది వరంగల్. "ఏమో గని, వాళ్ళు నిన్ను మోసం జేసి ఏం జేస్తరు? పచ్చి ఇటుకలు తింటరా?" అన్నారు.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది, ఆరు నెలలకు వచ్చింది. పెరట్లో కుండీల్లో గోంగూర ఆఖరి కోత కోస్తున్నాం ఇద్దరం. మిషిగన్‌లో అక్టోబరు కదా, ఏ క్షణాన మంచు పడి మొక్కలు మాడిపోతాయోనని నేను రోజూ రెండుసార్లు వెదర్ చెక్ చేసేదాన్ని. అమ్మ కోస్తూ కోస్తూ చెయ్యి ఆపింది.

"ఏమే, వాళ్ళవి పచ్చి ఇటుకలేనా? ఇంకా కాల్చలేదా?"

"లేదమ్మా. కట్టెలు మేం పంపాలి."

"మరి అక్కడ వానలెప్పుడే?"

"తెలీదు. కనుక్కుంటాలే."

"ముందది కనుక్కోవే తల్లీ. మా నాన్న ఓసారి ఆవం అంటించడం వారం ఆలస్యం చేశాడు. వాయుగుండం పట్టి ఇటుకలన్నీ బురదైపోయాయి. మా అమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

కనుక్కుంటాలే అన్నాను కదా. కనుక్కోలేదు. కుండీలో గోంగూర కోసం రోజుకు రెండుసార్లు ఆకాశం చూసినదాన్ని, ఆ ఊరి ఆకాశం ఒక్కసారి చూడలేదు. రెండు నిమిషాల పని.

అక్టోబరు గడిచింది. నవంబరు మీటింగుకీ జవాబు లేదు. "చూశారా, కర్ర అడిగేసరికి చప్పుడు లేదు" అని నేను అన్నాను. నా నోటితో నేనే, అందరి ముందూ. ఇప్పటికీ గిన్నెలు సర్దుకుంటూనో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడో ఆ మాట నా గొంతుతోనే వినబడుతుంది. పక్కన ఎవరూ లేకపోతే పైకే "ఛీ" అంటాను.

థాంక్స్‌గివింగ్ సెలవులయ్యాక సోమవారం మెయిల్ వచ్చింది. ఫోటో ముందు తెరిచాను.

గుట్ట ఇంటెత్తు ఉంది. దాని పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి. ఆ ఎండలో గోధుమరంగు కోటు తొడుక్కుని బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. చేతిలో ఆరడుగుల కర్ర, అడుగుకొక పట్టీ, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. కెమెరా వైపు చూడటం లేదు. కర్ర నిటారుగా ఉందో లేదోనని దాని కొస వైపు చూస్తున్నాడు. అడిగింది అడిగినట్టు చేశారు. ఫోటో మూలన తేదీ పడింది, మంగళవారం.

తర్వాత ఉత్తరం చదివాను. ఊళ్ళో కెమెరా లేదని, పట్నంలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే అతను మళ్ళీ తీరిక చేసుకుని వచ్చేసరికి ఇన్నాళ్ళు పట్టిందని, ఆలస్యానికి క్షమించమని మేష్టారు రాశారు. కర్ర పట్టుకున్నది ఊరి పెద్ద అని రాశారు. చివర్న ఇలా ఉంది: "గురువారం వానలు మొదలయ్యాయి. గడ్డి కప్పాం, ఆగలేదు. ఫోటో తీసిన నాటికి ఇటుకలు ఉన్నాయి. ఇప్పుడు లేవు."

కట్టెలు వెంటనే పంపుదామని ఆ పూటే అందరికీ ఫోన్లు చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. కాల్చడానికి ఏముందక్కడ, మట్టి తప్ప?

తర్వాతి మీటింగులో పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇట్స్ నోబడీస్ ఫాల్ట్, హనీ. వాన కదా" అంది. వాన కాదు, నేను, అనాల్సింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పులిహోర బాగుందని ఎవరో అంటే థాంక్స్ చెప్పాను కూడా. ఇంట్లో అమ్మకు చెబితే, "ఎంతమంది తొక్కారో ఆ మట్టి" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

ఆ ఊరు మరుసటి ఏడు ఎండాకాలంలో మళ్ళీ మట్టి తొక్కింది. మళ్ళీ కోసింది, మళ్ళీ పేర్చింది. ఈసారి మేం అడగకుండానే ఫోటో వచ్చింది. గుట్ట, పక్కన కోటు, చేతిలో కర్ర. అదే వారం కట్టెల లారీ వెళ్ళింది. ఒక ఏడాది ఆలస్యంగా బడి లేచింది. పిల్లలు ఇంకో వానాకాలం తడిశారు. ముసలాయన రేకుల కప్పు చూశాడు. అంతవరకు నా అదృష్టం.

కానీ కర్ర ఆగలేదు. గోడ లేచిందని ఫోటో వస్తే గోడ పక్కన ఆయన, కర్ర. తలుపు పెడితే తలుపు పక్కన. బల్లలు చేయిస్తే బల్లల పక్కన. నల్లబల్లకు రంగు వేస్తే దాని పక్కన. ఒకసారి ఒకటో తరగతి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, ఆ చివర ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు, పిల్లల్ని కూడా నేను కొలుచుకుంటానన్నట్టు. మా వాళ్ళకు ఆయనంటే ముద్దు. "చూడు చూడు, మన కర్ర తాత!" అని నవ్వేవాళ్ళు. న్యూస్‌లెటర్ మొదటి పేజీలో వేశారు. ఆ కర్ర ఎందుకొచ్చిందో గుర్తున్నది నా ఒక్కదానికే.

ఆఫీసులో ఎవరైనా ఫోటో పంపితే, పగులు పక్కన స్కేలు పట్టుకున్న వేళ్ళు కనిపించేవి. ఇదివరకు వేళ్ళు నా కంటికి ఆనేవి కావు. ఇప్పుడు ముందు వేళ్ళే కనిపిస్తాయి. ఆ వేళ్ళ వెనక గోధుమరంగు కోటు చెయ్యి ఉందేమోనని చూసేదాన్ని. ఉండదని తెలుసు, అయినా చూసేదాన్ని. వాన పడ్డ రోజు కారు దిగి ఆఫీసులోకి నడుస్తుంటే, పార్కింగ్ లాట్ చివర దీపస్తంభం పక్కన ఎవరో నిటారుగా నిలబడ్డట్టు ఉండేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నాకు దేని మీదా నమ్మకం లేదనే కదా అసలు గొడవ.

ఆగలేక మేష్టారికి రాశాను. ఇక కర్ర అక్కర్లేదనీ, ఆ పెద్దాయన్ని ఎండలో నిలబెట్టవద్దనీ, మొదట అలా అడగడం నాదే తప్పనీ. రెండు శనివారాల తర్వాత జవాబు వచ్చింది.

"మీ మాట ఆయనకు చెప్పాను. ఆయన ఇలా అన్నారు: 'ఆవిడ మంచిది కాబట్టి అలా అంటోంది. మొదటి ఫోటోలో నేను కర్ర పట్టుకోలేదు, అందుకే ఇటుకలు పోయాయి. ఆ తప్పు మళ్ళీ చెయ్యను.'"

ఆ ఉత్తరం ప్రింటు తీసి మా ఆయనకు చూపించాను. ఎప్పుడూ ఏదో ఒక ఎగతాళి చేసే మనిషి, చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఇప్పుడేం జేస్తవ్?" అన్నారు. ఏం చెయ్యను? తప్పు నాదని ఇంకో ఉత్తరం రాశాను. ఇంకోటి కూడా రాశాను. కర్రతో ఫోటోలు వస్తూనే ఉన్నాయి. కోటు ఏటేటా వదులవుతూ వచ్చింది. కర్ర మాత్రం ఎప్పుడూ నిటారుగానే ఉండేది.

నాలుగేళ్ళో అయిదేళ్ళో గడిచాయి. ఒక సోమవారం ఆఫీసులో లంచ్ డబ్బా తెరిచి పెట్టుకుని మెయిల్ చూస్తున్నాను. మేష్టారి దగ్గర నుంచి.

"గౌరవనీయులైన మేడమ్, మా ఊరి పెద్ద పోయిన ఆదివారం కన్నుమూశారు. తాను పోతే మీకు ఫోటో పంపమని ముందే చెప్పి ఉంచారు, మీరు నమ్మాలి కదా అన్నారు. జతచేశాను. కర్ర ఇకపై ఎవరు పట్టుకోవాలో ఊరు ఇంకా తేల్చలేదు. అందుకని నేల మీద పెట్టి తీశాను."

ఎర్రమట్టి పోసిన సమాధి. దాని పక్కన, దాని పొడుగునా, ఆ కర్ర. చుట్టూ ఎవరూ లేరు.

ఏడుపు తర్వాత వచ్చింది. అంతకంటే ముందు, నేను చెప్పకుండానే, నా కళ్ళు పట్టీలు లెక్కపెట్టాయి. నల్లది, తెల్లది, నల్లది, తెల్లది, నల్లది, తెల్లది. ఆరు. కర్రకు అటొక జానెడు, ఇటొక జానెడు మట్టి ఉంది. పొడుగు మనిషే.

డబ్బా మూసేసి జవాబు రాశాను. మీ మాట చాలు, ఫోటో అక్కర్లేదు అని. మొదటి ఫోటో వచ్చిన నాడు రాయాల్సిన ముక్క అది. పంపేశాను. మేష్టారు మళ్ళీ శనివారం గాని పట్నం వెళ్ళరు.