పధ్నాలుగు కిలోల యాభై గ్రాములు

మొన్న బీరువా పై అర దులుపుతుంటే పాత కీబోర్డుకి తొడిగే గుడ్డ కవరూ, దాని మడతలో ఒక సీడీ దొరికాయి. సీడీ మీద నీలం స్కెచ్ పెన్నుతో ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం: ఆర్. మా ఆవిడ చూసి, "ఇంకా పారెయ్యలేదా దీన్ని? ఆ రెండు రోజులూ మీరు అన్నం కూడా సరిగ్గా తినలేదు" అంది. నిజమే. ఇప్పుడు దాన్ని పెట్టి చూద్దామన్నా మా ఇంట్లో ఏ యంత్రానికీ సీడీ అర లేదు. అయినా పారెయ్యలేదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లు అయివుంటుంది. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర గుమస్తాని. చదువు పదో తరగతితో ఆగింది కానీ లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. కంప్యూటరు కూడా పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కణ్ణే నేర్చుకున్నాను. మా అక్క కూతురు అప్పుడు వ్యవసాయంలో ఎమ్మెస్సీ చదువుతోంది. సత్తెనపల్లి అవతల వాళ్ల చేలోనే ఇరవై మళ్లు కట్టి, నాలుగు రకాలుగా ఎరువు వేసి, ఏ రకానికి మిర్చి ఎక్కువ దిగుతుందో చూడడం దాని పరిశోధన. పశువుల ఎరువు సగం, మందు కట్టల్లో వచ్చే రసాయన ఎరువు సగం కలిపిన మళ్ల మీద దానికి ఆశ ఎక్కువ. ఎండిన కాయ తూచి చీటీలు రాసింది నేనే. తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, గ్రాము పోకుండా రాశాను.

సోమవారం నాటికి పరిశోధన పుస్తకం కాలేజీలో అందాలి. ఆ బరువుల లెక్క తేల్చడం ఒక్కటే మిగిలింది. తప్పితే ఇంకో ఆరు నెలలు ఆగాలి. సరిగ్గా ఆ ముందు శుక్రవారం పిల్లకి అమ్మవారు పోసింది. వేపాకు పరిచిన మంచం మీంచి కదలడానికి లేదు. "నేనున్నానుగా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వాళ్ల మాస్టారు ఇచ్చిన, ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేరు ఉన్న సీడీని మా బావ శనివారం పొద్దున్నే తెచ్చి, "ఏరా, దీని మీదే ఉంది మా అమ్మాయి ఏడాది చాకిరీ. పాడుచేశావో, కాటాకి కట్టి వేలాడదీస్తా" అని నవ్వుతూనే ఇచ్చి వెళ్లాడు.

సాఫ్ట్‌వేరు ఎక్కించడమంటే నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవడమేనని పిల్ల ఫోనులో చెప్పింది. నాకు ధైర్యం చాల్లేదు. తెర మీద వచ్చిన ప్రతి మాటా నోటుబుక్కులో ఎక్కించుకుని, రెండుసార్లు చదివి, అప్పుడు నొక్కేవాణ్ణి. డెబ్బై శాతం దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలెట్టింది. మా ఆవిడ, వేడెక్కి అరుస్తోందేమోనని దానికి విసనకర్రతో విసరసాగింది. వద్దని చెప్పలేదు. ఆ క్షణంలో ఎవరు ఏం చేసినా మంచిదే అనిపించింది. మొత్తానికి ఎక్కింది. తెరిస్తే ఖాళీ తెర మీద బాణం మొనలాంటి గుర్తు ఒక్కటి పెట్టి ఊరుకుంది. నేను దాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది.

పిల్ల ఫోనులో చెబుతుంటే బ్రాకెట్టు పెట్టి, చీటీల్లోని బరువులు వరసగా కొట్టాను. సగటు అడిగితే మైనస్ నాలుగొందల చిల్లర అంది. భూమి దున్ని, నారు పోసి, కూలీలతో కాయ కోయిస్తే సున్నా కంటే తక్కువ పంట ఎలా పండుతుంది?

"ఏం కొట్టావో చదువు మామయ్యా."

"పన్నెండు ఏడొందల యాభై, పదమూడు రెండొందలు…"

"కరెక్టే కదా!"

సీడీ చెడిందన్నాను. తీసేసి మళ్లీ ఎక్కించాను. మళ్లీ మైనస్సే. వైరస్ అనుకుని మూడోసారి ఎక్కించాను. ఆదివారం మధ్యాహ్నం అయింది. అప్పుడు తట్టింది, మొదటి బరువు ఒక్కటే కొట్టి చూద్దామని. మైనస్ ఏడువందల ముప్ఫై ఎనిమిది అని వచ్చింది. ఏడువందల యాభైలోంచి పన్నెండు తీస్తే అంతే! మా కాటాల దగ్గర కిలోలకీ గ్రాములకీ మధ్య గీత గీస్తాం, 12-750 అని. చదివేటప్పుడు ఆ గీతని పలకం. చీటీలో ఉన్నట్టే కొట్టాను. కంప్యూటరు ఆ గీతని మైనస్ అనుకుని బుద్ధిగా తీసివేతలు చేసుకుంటూ పోయింది.

గీతలన్నీ చుక్కలు చేశాను. సగటులు మనుషుల సగటుల్లా వచ్చాయి. పిల్ల చెప్పిన చివరి లెక్క కూడా కొడితే పక్కన చిన్న నక్షత్రం పడింది. నక్షత్రం పడితే తేడా నిజమైనదని అర్థమట. కలిపిన ఎరువు గెలిచింది. ఫోనులో పిల్ల అరుపుకి మా అక్క పరిగెత్తుకొచ్చిన చప్పుడు కూడా వినిపించింది.

అక్కడితో లేవాల్సింది. కానీ చేత్తో కూడి చూడకుండా ఏ లెక్కా మూయలేని జబ్బు నాది. చీటీల మొత్తం కాగితం మీద కూడాను. కంప్యూటరు మొత్తం కంటే ఒక కిలో నూట పాతిక గ్రాములు తక్కువొచ్చింది. మూడుసార్లు కూడాను. అప్పుడు కనబడ్డాయి రెండు చీటీలు: 14-50, 13-75. పధ్నాలుగు కిలోల యాభై గ్రాములు, పదమూడు కిలోల డెబ్బై అయిదు గ్రాములు. సున్నా పెట్టకుండా నేనే రాశాను. చుక్క పెట్టేసరికి యాభై గ్రాములు అరకిలో అయి కూర్చుంది. రెండూ పిల్ల ఆశపడ్డ మళ్లవే. దిద్ది కొడితే నక్షత్రం పోయి, దాని చోట ఒక చుక్క మిగిలింది.

చాలాసేపు ఫోను ముట్టుకోలేదు. ఒళ్లంతా పొక్కులతో పడుకున్న పిల్ల. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చివరికి చేశాను. ముందు బావ తీశాడు. విని, "కిలో కాయ తేడాకి ఇంత గోలేంట్రా? కోతలో చేలో రాలేది అంతకంటే ఎక్కువ!" అన్నాడు.

"కిలో కాదు బావా, నక్షత్రం పోయింది. చుక్క మిగిలింది."

అవతల ఫోను చేతులు మారింది. పిల్ల ఆ రెండు చీటీలూ మళ్లీ చదివించుకుంది. "చుక్కంటే అనుమానంగా ఉందని, మామయ్యా. నిజమూ కావచ్చు, కాకపోనూవచ్చు. అదే రాద్దాం" అంది. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. నేను కొట్టి అచ్చు తీసిన కాగితాలు సోమవారం బావే పట్టుకెళ్లి, పుస్తకంలో చేర్చి ఇచ్చి వచ్చాడు. తేడా తేలలేదు, ఇంకో ఏడాది వేసి చూడాలి అని రాసినందుకు మార్కులు తగ్గాయి గానీ ఆరు నెలలు ఆగాల్సిన పని పడలేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఒంగోలు వైపు వ్యవసాయాధికారి. రైతులు తెచ్చే చీటీలని చివరి అంకెదాకా చూడందే సంతకం పెట్టదట. ఆ కంప్యూటరు పాత ఇనుములోకి పోయింది, మా బావ కూడా లేడు. నేను మాత్రం ఈనాటికీ పాల లెక్కైనా గీత గీసే రాస్తాను, కాకపోతే గీత పక్కన సున్నా మర్చిపోను. ఇన్నేళ్ల కాలం నా చేతిరాతలో మార్చగలిగింది ఆ ఒక్క సున్నానే.