మెడ నుంచి మడమ దాకా

మొన్న సాయంత్రం లిఫ్టులోకి మా పై అంతస్తు కుర్రాడు ఎక్కాడు. భుజం మీద తడి రబ్బరు సూటు, దాని చేతులూ కాళ్ళూ కిందికి వేలాడుతూ. తలుపులు మూసుకోగానే ఆ వాసన నన్ను చుట్టేసింది. తడిసిన రబ్బరు, ఉప్పు, వాటి అడుగున కాస్త టాల్కం పౌడరు. "వచ్చే నెల విదేశంలో ట్రయత్లాన్ ఉందాంటీ. ఇక్కడ రుషికొండలో ఒకసారి వేసుకుని చూశాను, ఉడికిపోయాననుకోండి. అక్కడ నీళ్ళు బాగా చల్లగా ఉంటాయట. ఇది లేకపోతే దిగనివ్వరు," అన్నాడు నేను అడక్కుండానే. నా అంతస్తు రాకముందే లిఫ్టు దిగిపోయి మెట్లెక్కాను. వాడేమనుకున్నాడో ఏమో. మర్యాదకి నవ్వే ఓపిక కూడా ఆ క్షణాన నాకు లేదు. నూకరత్నం టీచరు పోయి ఇన్నేళ్ళయినా ఆ వాసన ఇంకా ఆవిడదే.

ఆవిడ మా స్కూల్లో పీఈటీ. స్టీల్ ప్లాంటు క్వార్టర్ల పక్కనే స్కూలు. తొంభైల్లో మాట. మా క్లాసులో సగంమంది మాలాగే గోదావరి నుంచో కృష్ణా నుంచో ఉద్యోగాలకని వచ్చినవాళ్ళ పిల్లలు. టీచరు మాత్రం అక్కడి మనిషే. ప్లాంటుకు ఆవల, సముద్రం ఒడ్డున ఉన్న పేటలో పుట్టింది. అన్న ఎల్లాజీ తెప్ప మీద వేటకు పోయేవాడు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని మా క్వార్టర్లకే వచ్చేది. వాళ్ళ పేటలో ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు గానీ సముద్రంలోకి దిగరు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈవిడ అన్న వెనకాలే పోయి ఈత నేర్చుకుంది. పొట్టిగా, గట్టిగా ఉండేది. మెడలో విజిలు. క్లాసులో పుస్తకాల భాష మాట్లాడేది, ఇసుకలో కాలు పెట్టగానే పేట భాషలోకి వచ్చేసేది. ఆవిడకు ఒక్కటే పట్టుదల. తన స్కూలు నుంచి ఒక్క ఆడపిల్ల, ఒక్కతంటే ఒక్కతి, సముద్రంలో పోటీకి దిగాలి. ఆరో తరగతిలో చాలామంది పిల్లలు చేరేవారు. పెద్దమనిషి కాగానే ఇంట్లోవాళ్ళు వచ్చి పిల్లను పట్టుకుపోయేవారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నేనొక్కదాన్నే మిగిలాను.

ఆదివారం పొద్దున్నే పేట ఒడ్డున ఈత. నేను పంజాబీ డ్రెస్సుతోనే ఈదేదాన్ని. లోపల నీళ్ళు చేరి బట్ట గోనెసంచిలా బరువెక్కేది. దిగేముందు టీచరు అంచున గొంతుక్కూర్చుని మణికట్టు నీళ్ళలో పెట్టేది, నా చేత కూడా పెట్టించేది. "మడిసింటికి ఎల్తే గుమ్మంలో పలకరిత్తావా నేదా? సముద్రమూ అంతే. ముట్టుకో. ఎలగున్నావని అడుగు. అప్పుడు దిగు," అనేది. పిచ్చి మాటలని అప్పట్లో నవ్వుకునేదాన్ని.

మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి. ప్లాంటు మిల్లులో పని, షిఫ్టు బస్సు, ఇల్లు. అంతే ఆయన లోకం. ఆ షిఫ్టు బస్సులోనే ఎవరో అన్నారట, "మీ అమ్మాయి తడి బట్టలతో ఒడ్డున తిరుగుతోందట కదా" అని. ఆ రోజు కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచిపోయారు. నా ఈత ఆగిపోయింది. వారం తిరక్కుండా టీచరు మా ఇంటికొచ్చింది. అమ్మ కాఫీ పెట్టింది. టీచరు గ్లాసు ముట్టుకోలేదు.

"బాబూ, మీ పిల్ల ఈదితే సేప ఈదినట్టే ఉంతది. ఆపకండి. సలికాలంలో రుషికొండ కాడ పోటీ పెడతన్నారు. ఈత, సైకిలు, పరుగు, ఒకదాని ఎనకాల ఒకటి. బాగా సేత్తే రాష్ట్రం టీములోకి తీసుకుంతారు," అంది.

నాన్న గ్లాసు ఆవిడ వైపు జరిపారు. "ఈత తప్పని నేననలేదండీ టీచరు గారూ. సైకిలు తొక్కనివ్వండి, పరిగెత్తనివ్వండి, ప్యాంటు వేసుకుంటుంది. నీళ్ళ దగ్గరే కదండీ వచ్చింది చిక్కంతా. మెడ నుంచి మడమ దాకా ఒళ్ళు కనబడని బట్టేదైనా ఉంటే చూపించండి, పంపిస్తాను. మాటిస్తున్నానండీ."

అలాంటి బట్ట భూమ్మీద లేదని ఆయన ధైర్యం. టీచరు అప్పుడు కాఫీ తాగింది.

ఎక్కడెక్కడ తిరిగిందో నాకు పూర్తిగా తెలియదు. వన్ టౌన్‌లో ఓడల నుంచి దిగిన పాత సామాను అమ్మే కొట్లు ఉండేవి. పోర్టు పనికి వచ్చి వెళ్ళిపోయిన ఎవరో విదేశీ ఇంజనీరు భార్య వదిలేసిన సామానులో అది దొరికింది. నల్లటి రబ్బరు సూటు. ట్రయత్లాన్ అనే ఈ మూడింటి పోటీ వాళ్ళు ఈతలో వేసుకునేది అదేనని కొట్టువాడే చెప్పాడట. టీచరు దాన్ని చీరల సంచిలో పెట్టుకుని తిన్నగా మా ఇంటికి తెచ్చి నాన్న ఒళ్ళో పరిచింది. ఆయన మెడ దగ్గర పట్టుకుని చూశారు, మడమ దగ్గర పట్టుకుని చూశారు. లోపలి నుంచి అమ్మ నవ్వు వినిపించింది. "మాట మాటేనండీ," అన్నారు నాన్న.

ఆ ఆదివారం పేటలో టీచరు ఇంట్లో తలుపులు మూసి దాన్ని మొదటిసారి వేసుకున్నాను. వేసుకోవడం అంటే మామూలు సంగతా. టీచరు, ఆవిడ వదిన, ముసలి తల్లి, ముగ్గురూ కలిసి నన్ను అందులోకి దూర్చారు. ముందు ఒళ్ళంతా పౌడరు చల్లారు. చెమటకి అది పిండిలా ముద్దకట్టింది. పాదం మడమ దగ్గర ఇరుక్కుపోతే టీచరు నా కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు తొడిగి జార్చింది. గోరు తగిలితే చిరిగిపోతుందని తల్లి నా గోళ్ళు కత్తిరించింది. అంతా అయ్యి జిప్పు పైకి లాగితే మెడ బిగిసి ఊపిరాడలేదు. జిప్పు ముందుకు వచ్చేలా వేశారు మరి. చొక్కా గుండీలు ముందుంటాయి కదా, ఇదీ అంతే అనుకున్నాం అందరం.

"జిప్పు ఎనక్కి రావాలేమోనే," అంది వదిన మెల్లగా.

మళ్ళీ విప్పి, మళ్ళీ పౌడరు కొట్టి, మళ్ళీ దూర్చి. ఈసారి జిప్పు వీపు మీదికి వచ్చింది. అది నా చేతికి అందదు. టీచరు వెనక నిలబడి ఎడమ చేత్తో నా నడుం పట్టుకుని కుడి చేత్తో లాగింది. ఎవరో గట్టిగా వాటేసుకున్నట్టయింది. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "సొరపిల్లలా ఉన్నావే గుంటా," అంది. టీచరుకి నవ్వు ఆగలేదు. "సింహాద్రి అప్పన్న ఏడాదంతా సందనం కప్పుకునే ఉంతాడు కదేటి. ఆయనకి నేని సిగ్గు నీకెందుకు, పద," అంది.

పేటంతా చూస్తుండగా ఒడ్డుకి నడిచాను. ఆ వయసులో నా ఒళ్ళు నాకు మోయలేని బరువు. ఓణీ సర్దుకోవడం, వంగి నడవడం, ఎవరు చూస్తున్నారో అని చూడటం. ఆ రోజు అదేదీ లేదు. నీళ్ళలో పడుకోగానే సూటు నన్ను పైకి తేల్చింది. కాళ్ళు వాటంతటవే పైకొచ్చాయి. ఎల్లాజీ తెప్ప పక్కనే వస్తుంటే ఎంత దూరం వెళ్ళానో తెలియలేదు. తిరిగొచ్చేసరికి మొహం కందగడ్డలా ఎర్రబడింది, లోపల సెగ. టీచరు మెడ దగ్గర రబ్బరు లాగి చెంబుతో నీళ్ళు పోసింది. "ఏటే ఇంత ఏడి," అని నుదురు ముట్టుకుని చూసింది. నేను పట్టించుకోలేదు. నా బతుకులో నేను పూర్తిగా సంతోషంగా ఉన్నది ఆ పొద్దుట్నుంచి పోటీ రోజు దాకా. ఆ తర్వాత సంతోషపడలేదని కాదు. అంత గట్టిగా పడలేదు.

పోటీ రోజు నాన్న నైట్ షిఫ్టు దిగి అట్నుంచటే రుషికొండ వచ్చారు. ఒక్కరే కాదు, బస్సులో మాటలన్నవాళ్ళనే వెంటబెట్టుకొచ్చారు. "మా అమ్మాయిది ఒళ్ళంతా కప్పే సూటండీ, చూద్దురుగాని," అని చెప్పి మరీ తీసుకొచ్చారట. ఆయన జీవితంలో గొప్పలు చెప్పుకోవడం అదే మొదలు. చలిగా ఉంది, కొండ మీద మంచుంది. టీచరు అంచున గొంతుక్కూర్చుని మణికట్టు నీళ్ళలో పెట్టింది. రోజూ పెట్టినట్టు కాదు, తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. తర్వాత లేచి వచ్చి నా వెనక నిలబడి, లోపల వేయించిన ఈత డ్రెస్సు మీదుగా సూటు జిప్పు లాగింది. నాకు నవ్వొస్తోంది. పక్కనున్న పిల్లలు ఈత డ్రెస్సుల్లో వణుకుతున్నారు, నేను మాత్రం రాణిలా ఉన్నాననుకుంటున్నాను.

అప్పుడు మైకులో చెప్పారు. నీళ్ళు కొలిచారట. వెచ్చగా ఉన్నాయి కాబట్టి రబ్బరు సూట్లు వేసుకోకూడదు. అక్కడ సూటు వేసుకున్నది నేనొక్కదాన్నే, అది నా కోసం చెప్పిన మాటే. టీచరు పరిగెత్తి అధికారిని పట్టుకుంది. పోనీ చొక్కా, ప్యాంటుతో దిగనివ్వమంది. ఆయన మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. "అలా కుదరదమ్మా. ఈత డ్రెస్సు ఒక్కటే. అది అమ్మాయి లోపల వేసుకునే ఉంది కదా, సూటు విప్పి దిగమనండి."

టీచరు నాన్న దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

"బాబూ, ఒక్క అరగంట. నీళ్ళలో ఉన్నంతసేపే. ఒడ్డుకి రాగానే నానే తువ్వాలు కప్పుతాను."

నాన్న నా వైపు చూశారు. పక్కనున్న మనుషుల వైపు చూశారు. వాళ్ళలో ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా ఘోరం. "మీరు నాకు చూపించింది ఇది కాదు కదండీ," అన్నారు. "వద్దండీ టీచరు గారూ. మాట మాటేనండీ."

టీచరు రెండు చీరలు అడ్డం పెట్టించి నా వీపు మీది జిప్పు కిందికి దించింది. విజిలు మోగింది. మిగతా పిల్లలు నీళ్ళలోకి పరిగెత్తారు. వాళ్ళు దూరమవుతుంటే టీచరు చీరతోనే నడుం లోతు దాకా నీళ్ళలోకి నడిచి, మాకు వీపు పెట్టి అలా నిలబడిపోయింది. చివరి పిల్ల ఒడ్డెక్కేదాకా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏముంది. నేను మళ్ళీ ఈదలేదు. టీచరు మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆవిడ దగ్గరికి ఇంకో ఆడపిల్లా రాలేదు. సూటు టీచరని వెనకాల పేరు పెట్టారు. కొన్నాళ్ళకి స్కూల్లో ఆవిడ చేత ఆటలకి బదులు కుట్లు, అల్లికలు నేర్పించారు. అలలతో మాట్లాడే మనిషి సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. నేను డిగ్రీ అయ్యి, పెళ్ళయ్యి, మధురవాడలో ఆఫీసు ఉద్యోగంలో చేరాక, ఆవిడకి షుగరు ముదిరి కాలు తీసేశారని తెలిసి ఆసుపత్రికి వెళ్ళాను. మంచం మీద సగమైపోయింది. కాసేపు నా పిల్లల సంగతి అడిగి, తర్వాత తనే మొదలుపెట్టింది.

"సుజాతా, నాకు ముందే తెలుసే."

"ఏంటి టీచర్?"

"పోటీకి ముందురోజు మీటింగులో సెప్పేరు. నీళ్ళు ఎచ్చగా ఉంతే ఆ సూటు ఎయ్యనివ్వరంట. ఎచ్చటి నీళ్ళలో అదేసుకుంతే ఒళ్ళు ఉడికిపోద్దంట. పొద్దున్న కొలిసి సెప్తామన్నారు. అట్నుంచి అటే సింహాచలం ఎలిపోనాను. ఒక్కపూట, ఒక్కపూట సముద్రాన్ని సల్లబరచు తండ్రీ అని అప్పన్నకి మొక్కుకున్నాను."

"పొద్దున్న నీళ్ళలో చెయ్యి పెట్టి చూశారు కదా. తెలిసిపోలేదా?"

"తెలిసింది."

"మరి జిప్పు ఎందుకు లాగారు టీచర్?"

ఆవిడ గోడ వైపు తిరిగింది. "ఏటి సెయ్యమంతావే. నువ్వు నవ్వుతన్నావు."

ఆ నెల దాటకుండానే పోయింది. ఆ మాట విన్నాక నాకు మనసు తేలికపడిందని రాస్తే అబద్ధం. ఇంకా బరువెక్కింది. అధికారిని తిట్టుకోలేను, ఆయన చెప్పింది నిజమే, ఆ సెగ నేనెరుగుదును. నాన్నని తిట్టుకోలేను, ఆయన తన మాట మీదే నిలబడ్డారు. తప్పు చేసినవాడు ఒకడుంటే వాణ్ణి తిట్టుకుంటూ బతికేసేదాన్ని. ఎవరి తప్పూ లేకుండానే నా బతుకులోంచి సముద్రం వెళ్ళిపోయింది, ఆవిడ బతుకులోంచి కూడా.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఈత కొలను ఉంది. నా కూతురు ఈత డ్రెస్సు వేసుకుని అందులో దూకుతుంటే నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని చప్పట్లు కొడతారు. "కాలం మారిందమ్మా," అంటారు నా వైపు చూడకుండా. మారింది, నిజమే. నేను వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి గిన్నెలు తోముతాను. చప్పట్లు అక్కడికీ వినిపిస్తాయి.

ఆవిడ నేర్పిన ఈత నాలో మిగల్లేదు. చేతులు మర్చిపోయాయి. మిగిలింది ఆ పలకరింపు ఒక్కటే. చలికాలంలో ఎప్పుడైనా పొద్దున్నే రుషికొండ వెళ్తాను. కొండ మీద మంచుంటుంది, శాలువా కప్పుకున్నా వణుకు పుడుతుంది. అంచున గొంతుక్కూర్చుని మణికట్టు నీళ్ళలో పెడతాను. ఆవిడ మొక్కు ఇప్పటికైనా ఫలించిందేమోనని చూస్తాను. ఇన్నేళ్ళలో ఆ నీళ్ళు ఒక్క పొద్దున కూడా చల్లగా లేవు.