మల్లేశన్న బతికే ఉన్నాడు

నేను రాసిన మూడు మాటల వాక్యం ఒకటి ఇన్నేళ్లుగా గుండెల మీద కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మా నాన్నకు సూరత్‌లో రైల్వే ఉద్యోగం. నాది అప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది. అదే ఊళ్లోని లింబాయత్ బస్తీలో మగ్గాలు నడిపే మా తెలుగువాడు మల్లేశన్న కూతురు స్వప్నకు స్టవ్ మంటల్లో మెడ కాలింది. చర్మం ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి అతుక్కుంది. తల ఎత్తలేకపోయేది. ఆపరేషన్‌కు సాయం అడుగుతూ సేవా ట్రస్టులకు విజ్ఞప్తి రాశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ పలకలేదు. రెండోసారి ఒక వాక్యం చేర్చాను. పాపకు తండ్రి లేడు.

ఒక ట్రస్టువాళ్లు ఇంటికొచ్చి చూస్తామన్నారు. నేను ముందే వెళ్లి సంగతి చెప్పాను.

"నన్ను సంపేసినవా తమ్మీ?" అన్నాడు మల్లేశన్న.

"కాగితం మీదే అన్నా."

"జర ముందుగాల చెప్పొద్దా? నా దినాలున్నయని సేఠ్‌ను ఛుట్టీ అడుగుదును గద!"

నవ్వుతూనే టీ బండి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన భార్య, నాకు వదిన, నవ్వలేదు.

"బొట్టు గూడ తియ్యాల్నా?"

తల ఊపాను. ఆమె గోడవైపు తిరిగి కొంగుతో తుడుచుకుంది. పుస్తెలతాడు జాకెట్లోకి తోసుకుంది. స్వప్న కళ్లు మాత్రం పైకెత్తి తల్లి నుదుటినే చూసింది.

ఇంతవరకు వాళ్లకూ తెలుసు. తెలియనిది ఇక్కడుంది. పాపను చూసి, సాయం చేస్తామని చెప్పి, ఆటో ఎక్కుతూ ట్రస్టు పెద్దాయన నాతో హిందీలో అన్నాడు: తండ్రి ఉన్నాడా లేడా అని మేం చూడం, డాక్టర్ రాసిన కాగితం చూస్తాం, మొదటిసారే అది జతచేసి ఉంటే అప్పుడే వచ్చేవాళ్లం.

మొదటిసారి జతచేయడం మరిచి, రెండోసారి పెట్టింది నేనే.

లోపలికి వెళ్లి ఆ మాట చెప్పాలి కదా? చెప్పలేదు. వదిన అప్పటికే చేతులు జోడించి, "నీ తెలివితోనే అయింది తమ్మీ" అంది. అబద్ధం పాప కోసమే రాశానని ఇప్పటికీ వాదించగలను గానీ, ఆ క్షణాన నోరు మూసుకున్నది ఎవరి కోసం అని నన్ను నేను అడిగితే, ఆ పొగడ్త పోగొట్టుకోవడం ఇష్టంలేక అన్న జవాబు తప్ప ఇంకోటి దొరకదు.

ఆపరేషన్ అయింది. స్వప్న తలెత్తింది. ఆ సంతోషం నిజమే, అందులో నాకూ వాటా ఉంది.

కానీ వదిన ఆ రోజు బొట్టు తుడుచుకోనక్కరలేదు. నా మతిమరుపు వల్ల తుడుచుకుంది.

ఆదివారం వెళ్లి ఆమెకే చెబుతాను. ఏమంటుందో తెలియదు. ఇక్కడిదాకా రాశాక మాత్రం, చాలాకాలానికి, ఊపిరి నిండుగా అందుతోంది.