తోమకూడని పెనం

బాలానగర్‌లోని ఒక యంత్రాల కర్మాగారంలో, తనిఖీ విభాగంలో, ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. కొలతకు నిలిచిన భాగానికి పచ్చచుక్క, నిలవనిదానికి ఎర్రచుక్క పెట్టడం నా ఉద్యోగం. ఆ అలవాటు నాతో ఇంటికి కూడా వచ్చింది. మాదాపూర్‌లో మా అమ్మాయి కొన్న ఫ్లాటులోకి మారినప్పుడు సామానునంతా పెట్టెల్లో సర్ది, పెట్టెపెట్టెకూ చీటీ అంటించి, అవసరం లేనివాటిని అటక ఎక్కించాను. పద్నాలుగో పెట్టె చీటీ మీద నా చేతిరాతలో "వాడుకలో లేనివి" అని ఉంది. నా భార్య గళ్ళ పెనం ఆ పెట్టెలోనే ఉండేది.

గళ్ళ పెనమంటే వాఫిల్ చేసే యంత్రం. మా కర్మాగారంలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు భార్యాసమేతంగా మా క్వార్టర్ల పక్కనే రెండేళ్ళు ఉన్నాడు. ఆయన భార్యకు తెలుగు రాదు, నా భార్యకు ఆమె భాష రాదు. అయినా ఆ ఇద్దరూ ప్రతి ఆదివారం ఒకే వంటింట్లో ఉండేవారు. వెళ్ళిపోయేటప్పుడు ఆమె ఈ పెనాన్నీ, చేత్తో తిప్పి గుడ్లు గిలకొట్టే ఒక మరనూ నా భార్యకు ఇచ్చి వెళ్ళింది. పుస్తకంలా తెరుచుకునే రెండు మందపాటి పలకలు, లోపల గళ్ళు, కొయ్యపిడి, గుడ్డ చుట్టిన కరెంటు తీగ. మాది కర్నూలు జిల్లా. ఆ విదేశీయులు దానిని తేనె పోసుకుని తినేవారు. మాది తేనె అలవాటు లేని ఇల్లు కనుక నా భార్య బెల్లం పాకం కాచి, ఏలకులు వేసి, దానితో వడ్డించేది. గళ్ళట్టు అని పేరు కూడా ఆమే పెట్టింది.

నేను కొలతలు అడిగేవాణ్ణి. మైదా ఎంత, పెరుగు ఎంత, సోడా ఎంత అని చెబితే నోటుపుస్తకంలో రాసి ఉంచుతానన్నాను. "పిండి గరిటె నుంచి జారేటప్పుడు తెలుస్తాది, రాసుకుంటే తెలీదు" అనేది. వడ్డించినప్పుడు అట్టును పరిశీలించి చూసేవాణ్ణి. ఎడమవైపు కింది మూల ఎప్పుడూ తెల్లగానే మిగిలేది. ఆ సంగతి ప్రతి ఆదివారమూ చెప్పేవాణ్ణి. ఆమె వాదించేది కాదు. ఆ మూలను తుంచి తన పళ్ళెంలో వేసుకుని, మిగిలింది నాకు పెట్టేది.

మాదాపూర్ వచ్చాక ఆ పెనం దించమని నన్ను రెండుసార్లు అడిగింది. మొదటిసారి తీగ పాతబడింది, ప్రమాదమన్నాను. రెండోసారి, "కింద వీధిలో నాలుగు దుకాణాలు ఆ అట్లే అమ్ముతున్నాయి కదా" అన్నాను. మూడోసారి ఆమె అడగలేదు.

ఈ వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట రాకపోలేదు గాని ఆమె మాట్లాడడం మానేసింది. నెలకు పైగా ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పోశారు. దానిని పీకేసుకుంటున్నదని ఆసుపత్రిలో ఆమె ఎడమచేతిని మంచపు కమ్మీకి గుడ్డతో కట్టారు. అందుకు అనుమతి కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి నేనే.

గొట్టం తీసి ఇంటికి తెచ్చిన తరువాత ఆమె నోరు తెరవలేదు. జావ పోస్తే బుగ్గన పెట్టుకుని, కాసేపటికి వదిలేసేది. గురువారం నాడు ఇంటికి వచ్చిన డాక్టరు పరీక్షించి, "మింగే శక్తి వచ్చింది. ఆవిడే మింగడం లేదు. బుధవారం దాకా చూద్దాం. చాలినంత తినకపోతే మళ్ళీ గొట్టం వేయక తప్పదు" అన్నారు. ఆ మాట విని నా భార్య ఎడమచేతిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కుంది. నేను చూశాను.

శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూ కింది దుకాణంలో వాఫిల్ తెచ్చింది. పైనంతా చాక్లెట్. "అమ్మా, ఒక్క ముక్క, నాకోసం" అని బతిమాలింది. నా భార్య ముఖం గోడవైపు తిప్పుకుంది. తిప్పుకునే ముందు మాత్రం, చాక్లెట్ అంటని అంచున ఉన్న గళ్ళను కొంతసేపు చూసింది. నేను వెళ్ళి పద్నాలుగో పెట్టె దించాను.

మింగడం నేర్పే చికిత్సకురాలికి ఫోన్ చేసి అనుమతి అడిగాను. పాలలో పూర్తిగా నానబెట్టి, గట్టి ముక్క లేకుండా, నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టవచ్చునన్నారు. శనివారం ఉదయం పెనం సంచిలో పెట్టుకుని మెట్రోలో బాలానగర్ వెళ్ళాను. మా పాత కర్మాగారం గేటుకు ఎదురుగా ఉండే మోటారు మెకానిక్ ఇంకా అక్కడే ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పెనం విప్పి చూసి నవ్వాడు.

"ఏంది సార్, దీన్ని ఇంకా దాచిపెట్టినరా? కాయిల్ జబర్దస్త్ ఉంది. వైర్ ఒక్కటే ఖరాబ్."

"ఎంతసేపట్లో వేడెక్కుతుంది?"

"మీ అంత జల్దీ వేడెక్కదు సార్. గేటు కాడ మీ కేకలు మాకు ఇక్కడికి వినొస్తుండె." తీగ మార్చి, ప్లగ్గు మార్చి, పరీక్షించి ఇచ్చాడు. "లోపల నల్లగున్నదని ఫికర్ చేయకుండ్రి. మంచిగనే ఉంది."

ఆ చివరి మాటను నేను లెక్కచేయలేదు. ఇంటికి వచ్చి పలకలు తెరిస్తే గళ్ళ లోపలంతా నల్లటి పొర కనిపించింది. రోగికి పెట్టే ఆహారం అటువంటి దానిలో వండకూడదనుకున్నాను. చింతపండు నానబెట్టి, స్టీలు పీచుతో గడి తరువాత గడిగా తోమాను. గంటన్నర పట్టింది. చివరికి రెండు పలకలూ కొత్త గిన్నెల్లా మెరిశాయి. పని సక్రమంగా జరిగిందని తృప్తి పడ్డాను.

ఆదివారం ఉదయం నా భార్యను చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దాకా తీసుకువచ్చాము. ఆమెను చూసుకోవడానికి పగటిపూట ఒక ఆయమ్మ వస్తుంది. ఇక్కడ ఈ అద్దాల భవనాలు లేవక ముందు నుంచీ మాదాపూర్ ఊళ్ళోనే ఉన్న కుటుంబం ఆమెది. నేను తూకం వేసి పిండి కలిపాను. పెనం వేడెక్కాక పోశాను. అయిదు నిమిషాలకు తెరిస్తే అట్టు రెండుగా చీలింది. సగం పైపలకకు, సగం కిందిపలకకు అంటుకుంది. గీకి తీసి, నూనె ఎక్కువ రాసి మళ్ళీ పోశాను. అదీ అంతే. మూడోది మాడింది.

ఆయమ్మ వంగి చూసింది. "ఏంది సార్, గిట్ల తళతళ మెరుస్తుంది? నిన్న సంచిల పెట్టినప్పుడు నల్లగుండె గద!"

"శుభ్రం చేశాను."

"అయ్యో సార్! అట్ల పెనం తోముతరా ఎవరన్న? మా అత్త చూస్తె మిమ్ముల వంటింట్ల అడుగు పెట్టనియ్యకపోవు."

వెనుక కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది. ఇద్దరమూ తిరిగి చూశాము. నా భార్య ఎడమచేయి చాచి ఉంది.

"చూపండి."

నలభై రోజులకు పైగా ఆ గొంతు నేను వినలేదు. మాట ఒకవైపుకు జారుతున్నది గాని స్పష్టంగానే ఉంది. ప్లగ్గు తీసి పెనాన్ని ఆమె ముందు తెరిచి పట్టుకున్నాను. ఆమె ఆ మెరుపును చాలాసేపు చూసింది.

"ఎవురు తోమినారు?"

"నేనే."

"దేంతో?"

"స్టీలు పీచుతో. చింతపండు పెట్టి."

ఆమె కళ్ళు మూసుకుంది. తరువాత ఒక్కొక్క మాటనూ వెతికి తెచ్చుకుంటున్నట్టుగా అన్నది: "ఇన్నేండ్ల నా చేయి... అంతా దాంట్లోనే ఉండింది. గీకి పారేసినారు."

నాకు సంజాయిషీ చెప్పడం వచ్చు. అయినా శుభ్రత అనలేదు, ఆరోగ్యం అనలేదు. "తప్పు చేశాను" అన్నాను. మా కాపురంలో ఆ మాట నేను అంతకుముందు అన్నట్టు జ్ఞాపకం లేదు. బుధవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. చేతిలో ఉన్న ఒక్క ఉపాయమూ నా చేతులతోనే చెడగొట్టుకున్నానని తెలిసి, పెనం పక్కన పెట్టబోయాను.

"యాడికి?" అంది ఆమె. "ఎర్రగడ్డ తెండి."

మా సీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాము. ఆయమ్మ ఒకటి సగానికి కోసి, ముళ్ళ చెంచాకు గుచ్చి నా చేతికిచ్చింది. దానిని నూనెలో ముంచి వేడి పలక మీద రుద్దాలి. పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రుద్దాలి. ఈ పని ప్రతి ఇంట్లోనూ కొత్త అట్ల పెనానికి చేసేదేనట. డెబ్బై ఏళ్ళు దాటిన నేను ఆ రోజే మొదటిసారి చేశాను. ఒక్కొక్క గడిలోకీ ఉల్లిపాయ అంచు దిగేలా రుద్దుతుంటే నా భార్య చూపు పలక మీద నుంచి కదలలేదు.

"మూల. ఆ ఎడమ మూల. దానికి చమురు ఎక్కువ కావల్ల. మొదటి నుంచీ అది అంతే."

ఉల్లిపాయను మళ్ళీ నూనెలో ముంచి ఆ మూలకు పెట్టాను. ఆ మూల సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు.

నాలుగుసార్లు అయ్యాక, పిండి గిన్నెను తన ఒడిలో పెట్టమంది. గరిటె ఎడమచేత్తో ఎత్తి జార్చి చూసింది. పలచనైందని, ఇంకా మైదా, ఇంకొక గుడ్డు కావాలని చెప్పింది. గుడ్లు గిలకొట్టే మరకు రెండు చేతులు కావాలి, ఒకటి పిడి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. పిడి నేను పట్టుకున్నాను. ఆమె ఎడమచేత్తో తిప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఆయమ్మ సాయం చేయబోతే తల అడ్డంగా ఊపింది.

నాలుగో అట్టు విడివడింది గాని అంచు చిరిగింది. ఆమె ముందు పెట్టాను.

"పనికిరాదు. ఇంకోటి పోయండి."

ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మ పాస్ చేస్తలేదు సార్. జర గట్టిగ రుద్దుండ్రి."

అయిదోది ముక్క కాకుండా వచ్చింది. ఎడమ మూల తెల్లగా ఉంది. గోరువెచ్చని పాలూ బెల్లం పాకమూ పోసి, మెత్తబడేదాకా ఉంచి, గళ్ళ వెంబడి కోశాను. చెంచాతో నోటి దగ్గరికి తీసుకువెళితే ఆమె నోరు తెరవలేదు. చెంచాను నా చేతిలోంచి తీసుకుంది. అలవాటుగా ఆ తెల్లటి మూల కోసమే చెంచా చాచింది.

"అది నాకు ఇవ్వు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. చెంచా పక్కకు జరిపింది. ఆ మూలను నేను తిన్నాను. అది పచ్చిగా లేదు. మెత్తగా, మిగిలిన అట్టు కంటే కొంచెం తియ్యగా ఉంది. అన్నేళ్ళూ ఎర్రచుక్క పెట్టిన ముక్కను నేను రుచి చూడడం అదే మొదలు.

ఆమె ఆరు గళ్ళు తిన్నది. గంటసేపు పట్టింది. ఒకసారి పొలమారితే నేనూ ఆయమ్మా కుర్చీ మీదికి వంగాము. సర్దుకుని మళ్ళీ చెంచా ఎత్తింది. చివర, "ఉప్పు వేయలేదు" అంది. నిజమే, వేయలేదు.

సోమ మంగళ వారాల్లో అదే పని చేశాము. తినే ప్రతి ముక్కా నోటుపుస్తకంలో రాశాను. బుధవారం వచ్చిన నర్సు గొట్టం పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టి, నా పుస్తకం చదివి, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడింది. "ఇంకో వారం చూద్దామన్నారండి. ఇది మాత్రం ఇక్కడే ఉంచండి, అవసరం పడవచ్చు" అంది. నా భార్య ఎడమచేయి దుప్పటి మీదే ఉంది.

పొట్లం ఇంకా మా గదిలోనే ఉంది. దానికి నేను చీటీ రాయలేదు, అరలో స్థానమూ కేటాయించలేదు. పెనం మాత్రం పొయ్యి గట్టు మీదే ఉంటుంది. దానిని ఇప్పుడు పొడిగుడ్డతో తుడుస్తాను, అంతే. ఉదయం కుర్చీ గుమ్మంలోకి రాగానే ఆమె అడిగే మొదటి మాట, "రుద్దినారా?" రుద్దానని చెబితే నమ్మదు, తెరిచి చూపాలి. గళ్ళ అడుగున పలుచని గోధుమరంగు పొర పట్టింది. నలుపుకు తిరగాలంటే చాలాకాలం పడుతుందట. ఎన్నాళ్ళు అని అడిగాను.

"నేను తిన్నన్నాళ్ళు" అంది.